యువజనులకు శాంతివిద్య : బసవేశ్వరుని ఏడు నియమములు

వీరశైవుల ఇండ్లలో పిల్లలకు నేర్పెడి వచనములలో ఏడు నిషేధములు గల బసవేశ్వరుని వచనము ముఖ్యమైనది. దొంగతనము, హత్య, అసత్యము, కోపము, పరుల యెడ ఏవగింపు, ఆత్మస్తుతి, పరనింద - ఈ ఏడింటిని విడనాడుటయే లోపలి శుద్ధియు వెలుపలి శుద్ధియు నని దాని తాత్పర్యము. చిన్నపిల్లలు సయితము దీనిని తడుముకొనక ఒప్పజెప్పుదురు. సభలలో పాడుదురు. మఠముల గోడలపై వ్రాయింతురు. కాని ఆ ఏడింటి కూర్పులోని విశేషమును గమనించువారు తక్కువ.

మొదటి మూడింటిని రాజ్యము గూడ నేరములుగా నెంచును. దొంగిలించినవానికి, చంపినవానికి శిక్ష కలదు. న్యాయస్థానమున అబద్ధసాక్ష్యము చెప్పినవానికిని శిక్ష కలదు. తక్కిన నాలుగింటికి పోలీసు లేడు, కారాగారము లేదు. ఇంటిలో కోపముతో ఊగిపోయిన తండ్రిపై కేసు పెట్టువారు లేరు. పరీక్ష తప్పిన పిల్లవానిని చూచి ముఖము త్రిప్పుకొన్న బంధువునకు జరిమానా లేదు. తన బిడ్డ ర్యాంకును వీధియంతయు చాటినవానిని, ఎదుటివాని బిడ్డను ఎత్తిపొడిచినవానిని అడుగు అధికారి లేడు. అయినను బసవేశ్వరుడు ఈ నాలుగింటిని దొంగతనము, హత్యలతో ఒకే వరుసలో నిలిపెను.

ఏల నిలిపెను? ఈ పాఠమునకు అదియే మూలప్రశ్న. మొదటి మూడును కంటికి కనబడు కాయలు. చివరి నాలుగును నేలలో దాగిన వేళ్లు. కాయలను కోయుట రాజ్యము పని. వేళ్లను పెకలించుట ఇంటి పని, బడి పని, మఠము పని. యువజనులకు శాంతివిద్య యనగా ఈ చివరి నాలుగు నియమములను నోటిపాఠముగా గాక నిత్యాభ్యాసముగా నేర్పుటయే.

నేటి స్థితి

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో భారతదేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరి. వారిలో విద్యార్థులు 13,044 మంది. అదే సంవత్సరమున 18 ఏండ్లు నిండని పిల్లలపై 30,555 నేరముల కేసులు నమోదయ్యెను. ఈ రెండు సంఖ్యలను పత్రికలు వేరువేరు పుటలలో ప్రకటించును. ఒకటి దుఃఖవార్త, మరియొకటి నేరవార్త. కాని పిల్లవాని మనస్సులో ఈ రెంటికిని దారి ఒకచోటనే చీలును. అవమానమును సహింపలేని బాలుడు ఆ మంటను ఎదుటివానిపై కురిపించిన అది నేరమగును. తనపైననే కురిపించుకొన్న అది ఆత్మనాశమగును. చంపరాదను నియమమునకు తన ప్రాణము మినహాయింపు కాదు.

తెలుగువారికి 2019 ఏప్రిల్ మాసము మరపురానిది. ఆ నెల 18న తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడెను. పరీక్ష వ్రాసినవారు 9 లక్షలకు పైగా. తప్పినవారు 3 లక్షలకు పైగా. అటు పిమ్మట కొలది దినములలోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఫలితములలోనే పొరపాట్లు దొర్లినవని బయటపడగా, ప్రభుత్వము త్రిసభ్య సంఘమును నియమించెను. తప్పినవారి జవాబుపత్రములను ఉచితముగా మరల పరిశీలింపజేసెను. తెలుగు పరీక్షలో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి మొదట సున్న చూపబడినట్లు ఆ కాలముననే తేలినది.

ఆ ఒక్క ఉదాహరణము చాలును. కాగితముపై సున్న పడినను ఆ బాలికకు తెలుగు రాకపోలేదు. కాగితము మారెను, బాలిక మారలేదు. మార్కుల పత్రము బిడ్డ విలువను చెప్పజాలదని వేరుగ నిరూపింప నక్కరలేదు. ఆత్మహత్యకు ఎన్నడును ఒకే కారణముండదని వైద్యులు చెప్పుదురు. పరీక్షాఫలము చివరి నిప్పురవ్వ కావచ్చును. ఎండుగడ్డి అంతకు ముందే పేరుకొనియుండును. ఆ గడ్డి ఏదియో చివరి నాలుగు నియమములు చెప్పును.

కోపము

కోపమును జయింపుమని చెప్పుట సులభము. ఎట్లు జయింపవలయునో చూపుట కష్టము. శరణుల చరిత్రలలో ఒక కథ వినవచ్చును. దొంగలు బసవేశ్వరుని పాడియావులను తోలుకొనిపోయిరట. సేవకులు కత్తులు దూసి వెంటబడబోయిరి. బసవేశ్వరుడు వారించి, తల్లులకై దూడలు ఏడ్చుచుండునుగదా, వానిని గూడ పంపుడని యాజ్ఞాపించెనట. ఈ కథను విని దొంగలను పట్టుకొనరాదని యర్థము చేసికొనుట సరికాదు. కోపము ముంచుకొనివచ్చిన క్షణమున ఆయన దృష్టి పోయిన సొత్తుపై గాక ఆకలిగొన్న దూడపై నిలిచెను. ఆ దృష్టి మరల్పే ఇందలి పాఠము.

ఈ దృష్టి మరల్పును అభ్యాసముచే నేర్పవచ్చునా యన్న సందేహము కలుగవచ్చును. దీనికి దూరదేశపు అనుభవమొకటి సమాధానము చెప్పుచున్నది. అమెరికా దేశమున షికాగో నగరపు పేదవాడలలో బాలుర నడుమ హింస మెండు. అచటి పాఠశాలలలో 'బికమింగ్ ఎ మ్యాన్' అను కార్యక్రమము నడచుచున్నది. వారమునకు ఒక గంట, కొలదిమంది బాలురు ఒక పెద్దతోపాటు వలయముగా కూర్చుందురు. మొదటి దినములలో ఆడించెడి ఆట యిది : ఇద్దరిలో ఒకని చేతికి బంతి నిత్తురు. అర నిమిషములో దానిని తీసికొనుమని రెండవవానికి చెప్పుదురు. వెంటనే పెనుగులాట మొదలగును. ఆట ముగిసిన తరువాత పెద్దవాడు, బంతి నిమ్మని నోటితో అడిగితివా యని ప్రశ్నించును. దాదాపు ఎవరును అడిగియుండరు. బంతి పట్టుకొన్నవానిని, అడిగిన ఇచ్చియుందువా యని ప్రశ్నింపగా, ఇచ్చియుందునేమో యనును. ఈ చిన్న ఆటతో బాలునకు, కోపమునకు చేతకు నడుమ ఒక్క క్షణము ఆగి చూచుట తెలియును.

2009-10లో 18 పాఠశాలలలోను, అటుపై 2013-15లోను ఈ కార్యక్రమమును శాస్త్రీయముగా పరీక్షించిరి. పాల్గొన్న బాలురలో హింసానేరములపై అరెస్టులు 45 నుండి 50 శాతము వరకు తగ్గినవని 2017లో ప్రచురితమైన పరిశోధన చెప్పినది. అయితే అరెస్టులలోని ఈ తగ్గుదల ముఖ్యముగా కార్యక్రమము నడచిన కాలముననే కనబడెను. అభ్యాసము ఆగిన పిదప ఆ మేలు నిలకడగా నున్నట్లు కానరాలేదు.

ఇష్టలింగపూజ నిత్యము చేయవలయునని విధించిన పెద్దల యాలోచన ఇచట బోధపడును. వాడనిచో పదును పోవు కత్తివంటిది మనస్సు. ఉదయము పావుగంటసేపు అరచేతిలో లింగమునుంచుకొని, దృష్టిని నిలిపి, శ్వాసను నెమ్మదింపజేసికొను బాలుడు, ఆగుట యన్న విద్యను ప్రతిదినము అభ్యసించుచున్నాడు. మంత్రమును తొందరగా ముగించి లేచిపోవుట పూజ కాదని పెద్దలు చెప్పవలయును. మధ్యాహ్నము వీధిలో తగవు వచ్చినపుడు ఆగగలిగినచో ఉదయపు పూజ ఫలించినట్లు.

ఏవగింపు

కోపము వేడి యైనది, ఏవగింపు చల్లనిది. కోపము క్షణమున తగ్గును. ఏవగింపు ఏండ్లకొలది నిలిచి మనిషిని మనిషిగా చూడనీయదు. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున అనుభవమంటపమునందు చేరినవారి నొక్కసారి స్మరింపవలయును. బట్టలుతికిన మడివాళ మాచయ్య, పడవ నడపిన అంబిగర చౌడయ్య, వెదురు పని చేసిన మేదర కేతయ్య, గడ్డి కోసి త్రాళ్లు పేనిన నులియ చందయ్య, చెప్పులు కుట్టిన హరళయ్య - వీరందరును మంత్రిపదవియందున్న బసవన్నతో సమానముగా కూర్చుండి మాటలాడిరి. పని యేదియైనను కాయకమే. కాయకము చేయువాని నేవగించుకొనుట శివుని నేవగించుకొనుటయే యని వారి మతము.

నేటి కుటుంబములలో ఈ సిద్ధాంతమునకు పూజ జరుగుచున్నది, ఆచరణ సన్నగిల్లుచున్నది. ఇంజనీరు, డాక్టరు తప్ప తక్కిన పనులన్నియు తక్కువవని పిల్లవాడు పదేండ్ల ప్రాయముననే గ్రహించుచున్నాడు. సరిగా చదువకున్న ఫలానా పని చేసికొని బ్రదుకవలసివచ్చునని బెదరించుట తరచు వినవచ్చును. ఆ ఫలానా పని వడ్రంగమో, సేద్యమో, మగ్గమో, దుకాణమో యగును. అవన్నియు శరణులు చేసిన కాయకములు. ఈ బెదరింపు రెండు విధముల విషమగును. పరీక్షలో నెగ్గిన బిడ్డ శ్రమజీవులను చులకనగా చూచుట నేర్చును. తప్పిన బిడ్డ అదే చులకనను తనవైపు త్రిప్పుకొనును. పరులయెడ నేర్చిన ఏవగింపు ఒకనాడు తనమీదకే మరలును. పరులను ఏవగించుకొనకుమని నేర్పిన ఇంటిలో, తన్ను తాను ఏవగించుకొను బిడ్డకు నిలువనీడ దొరకును.

ఆత్మస్తుతి

తన్ను తాను పొగడుకొనుట అల్పదోషమని తోచును. కాని ఫలితములు వచ్చిన నాటి ఉదయమున పట్టణపు వీధులను చూడవలయును. గోడలపై, పత్రికలలో, ఫోనులలో ర్యాంకుల బిడ్డల చిత్రములు నిండియుండును. ఒక్కొక్క చిత్రము వెనుక, చిత్రము లేని వందల బిడ్డలు తలవంచుకొని నడతురు. విద్యాసంస్థలు తమను తాము కొనియాడుకొనుటకు కొందరు పిల్లల ముఖములను వాడుకొనుచున్నవి. కుటుంబములును అట్లే చేయుచున్నవి. పెండ్లిపందిరిలో, మఠములోని జాతరలో, తల్లిదండ్రులు పరస్పరము అడుగు మొదటి ప్రశ్న మార్కులను గురించియే యగుట సామాన్యమైనది.

అయిదక్కి లక్కమ్మ కథ ఇచట పాఠముగా చెప్పదగినది. ఆమె భర్త మారయ్య రాలిన బియ్యము ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు ఆయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. అవసరమునకు మించిన ఆశ ఎక్కడినుండి వచ్చెనని ప్రశ్నించి, ఎక్కువైనదానిని మరల అచ్చటనే పోసిరమ్మనెను. నేటి విద్యలో ఇంతచాలునను మాట చెప్పు లక్కమ్మ ఇంటింటికి కావలయును. 90 మార్కులు తెచ్చిన బిడ్డను తక్కిన 10 ఎక్కడ పోయినవని అడుగు ఇల్లు, ఎన్ని తెచ్చినను తృప్తి నెరుగదు. అట్టి ఇంటి బిడ్డకు గెలుపు సయితము విశ్రాంతి నీయదు.

పరనింద

ఎదుటివానిని నిందింపరాదను నియమము, తప్పు చేసినవాని యెడలనే పరీక్షకు నిలుచును. తప్పు చేయనివానిని నిందింపకుండుట గొప్ప కాదు. పిల్లవాడు దొంగిలించి దొరకినాడు. పరీక్షలో తప్పినాడు. పోట్లాటలో ఒకని గాయపరచినాడు. అప్పుడు పెద్దలు పలుకు మొదటి మాట యేది? నీవు దొంగవు అన్న మాటకును, నీవు చేసినది దొంగతనము అన్న మాటకును ఎంతో భేదము కలదు. మొదటిది బిడ్డకు పేరు పెట్టుట. రెండవది పనికి పేరు పెట్టుట. పేరు పడినవాడు ఆ పేరునకు తగినట్లే పెరుగును.

భారతదేశపు శాసనము గూడ ఈ భేదమును గుర్తించినది. 2015 నాటి బాలన్యాయ చట్టము, బాలుని గూర్చిన విచారణలో నిందాపూర్వకమైన పదములు వాడరాదని మూలసూత్రములలో చేర్చినది. అతని గుర్తింపును పత్రికలలో బయలుపరచుటను నిషేధించినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన మనోవేదనలో నున్నట్లు భావింపవలయునని చెప్పి, వారికి శిక్షకు బదులు సంరక్షణ కల్పించుట ప్రభుత్వము బాధ్యత యని నిర్ణయించినది. 2025 జులై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్టణమున చదువుచుండిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన కేసులో తీర్పు చెప్పుచు దేశమునందలి విద్యాసంస్థలకు 15 మార్గదర్శకములను ప్రకటించెను. నూరుగురు, అంతకు మించిన విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన సలహాదారుడు ఉండవలయుననియు, మార్కులనుబట్టి పిల్లలను వేరు బ్యాచ్‌లుగా విడదీయుట, పదిమందిలో అవమానించుట మానవలయుననియు అందు కలదు.

శాసనము చేరని నాలుగు నియమములవైపు శాసనమే అడుగులు వేయుచున్నదన్నమాట. ఆ నియమములను ఎనిమిది వందల ఏండ్లకు పూర్వమే పొందిన సమాజము వెనుకబడుట తగదు.

మాటలాడు చోటు

ఈ నాలుగు నియమములను ఉపన్యాసముతో నేర్పవచ్చునా? అనుభవమంటపము ఉపన్యాసశాల కాదు. అందు ప్రశ్న కలదు, జవాబు కలదు, వాదము కలదు. ఇల్లు విడిచి ఒంటరిగా వచ్చిన యువతి అక్కమహాదేవిని శూన్యసింహాసనాధీశుడైన అల్లమప్రభువు కఠినముగా ప్రశ్నించెను. ఆమె నోరు మూయింపలేదు. ఆమె సమాధానమును పూర్తిగా వినెను. విన్న పిదప ఆ సభ ఆమెను గౌరవించెను. ప్రాయమున చిన్నదియైనను ఆమెను నేటికిని అక్క యని పిలుతురు. యువజనుల నెట్లు వినవలయునో దీనికి మించిన ఉదాహరణము లేదు.

వినుటకును ప్రాణరక్షణమునకును గల సంబంధమును ఆధునిక పరిశోధన గూడ చూపినది. ఐరోపాలోని 10 దేశములలో 168 పాఠశాలలకు చెందిన 11,110 మంది విద్యార్థులపై జరిగిన ఒక పెద్ద పరిశోధన 2015లో వెలువడెను. అందు మూడు పద్ధతులను పోల్చిచూచిరి. మొదటిది, ప్రమాదలక్షణములను గుర్తుపట్టునట్లు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట. రెండవది, ప్రశ్నావళి ద్వారా బాధలోనున్న పిల్లలను గుర్తించి వైద్యులకడకు పంపుట. మూడవది, పిల్లలే తమ కష్టములను చిన్న నాటికలుగా ఆడి, తమలో తాము చర్చించుకొనుట. ఈ మూడవ పద్ధతికి నాలుగు వారములలో మొత్తము పట్టిన కాలము అయిదు గంటలు మాత్రమే. ఏడాది గడచిన పిదప చూడగా, ఈ పద్ధతి జరిగిన పాఠశాలలలో కొత్తగా ఆత్మహత్యకు ప్రయత్నించినవారు, ఏ ప్రత్యేక శిక్షణయు లేని పాఠశాలలతో పోల్చగా, సుమారు సగమే యుండిరి. తక్కిన రెండు పద్ధతులలో అంతటి భేదము తేలలేదు.

పెద్దలు చెప్పుటకంటె పిల్లలు పలుకుట ఎక్కువ ఫలించినదని దీని సారము. మఠములో నెలకొకమారు జరుగు శివానుభవగోష్ఠిలో ఒక గంటను యువజనులకే విడిచిపెట్టినచో ఖర్చు లేదు, కట్టడము లేదు. ఆ గంటలో పెద్దలు వినువారుగనే యుండవలయును.

గృహములును మఠములును చేయదగినవి

మొదటిది. ఫలితముల దినమున ఇంటిలో పాటింపవలసిన నియమము ముందుగనే చెప్పియుంచవలయును : ఏ ఫలితము వచ్చినను ఆ రాత్రి అందరు కలసి భుజింతురు, ఆనాడు ఎవ్వరును పోలిక తేరు, బిడ్డను ఒంటరిగా విడువరు. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష కలదని, సంవత్సరము పోదని ముందే తెలుపవలయును.

రెండవది. దాసోహమును పిల్లల చేత చేయింపవలయును. తుమకూరు సిద్ధగంగామఠమున కులమత భేదములేక వేలాది బాలురకు అన్నము, వసతి, విద్య ఉచితముగా లభించుచున్నవి. 2019 జనవరి 21న శివైక్యము చెందిన శివకుమారస్వామివారు ఈ సేవను దశాబ్దముల తరబడి నడపిరి. ఇంత పెద్ద ఏర్పాటు ప్రతి యూరిలో సాధ్యము కాదు. కాని వడ్డించు గరిటెను పిల్లవాని చేతికిచ్చుట ఎక్కడనైనను సాధ్యమే. ఇతరుల ఆకలిని తీర్చిన బాలుడు తాను పనికిమాలినవాడనని తలపడు.

మూడవది. మార్పులను గమనింపవలయును. నిద్ర తప్పుట, తిండి మానుట, మిత్రులకు దూరమగుట, ప్రియమైన వస్తువులను పంచిపెట్టుట, అందరికి భారమైతినని పలుకుట - ఇవి తేలికగా తీసికొనదగినవి కావు. అట్టి సమయమున చావవలెనని తోచుచున్నదా నాయనా యని మెల్లగా, నేరుగా అడుగవచ్చును. అడిగినంతమాత్రమున ఆ యాలోచన పుట్టదు. అడిగినవాడున్నాడని భారము తగ్గును. నరకభయము చెప్పరాదు, కుటుంబ మర్యాదను గుర్తుచేయరాదు. వినవలయును, వెంటనుండవలయును. ఇంటిలోని ప్రమాదకరమైన మందులను, విషపదార్థములను తాళము వేసి యుంచవలయును.

నాల్గవది. వైద్యుని కడకు వెళ్లుట భక్తిలోపము కాదు. శరణులలో వైద్య సంగణ్ణ యను వైద్యుడుండెను. ఆయన కాయకమే వైద్యము. జ్వరమునకు మందు తీసికొను భక్తుడు మనోవ్యాధికి తీసికొన సిగ్గుపడ నక్కరలేదు. పూజ మందునకు తోడగునే గాని మందునకు బదులు కాదు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. ఆపదలోనున్న పిల్లలకు 1098 కలదు. ఈ రెండు సంఖ్యలను మఠముల నోటీసు పలకపై, హాస్టళ్ల గోడలపై పెద్ద అక్షరములతో వ్రాయించుట మంచిది.

అయిదవది. నేరము చేసి తిరిగివచ్చిన యువకునకు పని చూపవలయును. అతనికి కాయకము నిచ్చువాడు అతనిని రెండవసారి దొంగ కాకుండ కాపాడినవాడగును.

వీరుడెవడు?

వీరశైవమను పేరులోని వీరశబ్దమును యువకులు పొరపాటుగా గ్రహింపవచ్చును. పురాణములలోని ఉగ్రభక్తుల చర్యలను వర్ణించి విడిచిపెట్టినచో ఆవేశమే వీరత్వమని తోచును. కల్యాణమున హరళయ్య కుమారునకును మధువరసుని కుమార్తెకును వివాహము జరిగినపుడు, దానిని సహింపని ఏవగింపు ఎంతటి రక్తపాతమునకు దారితీసెనో, ఎదురుహింసలో ఎట్లు కల్యాణమే చెల్లాచెదరైనదో గూడ చెప్పవలయును. ఏవగింపు హత్యగా మారుట చరిత్రలో అంత స్పష్టముగా మరి యెచ్చటను కానరాదు. 'వి' యను అక్షరము శివజీవుల ఐక్యమును బోధించు విద్యయనియు, 'ర' అందు రమించుటయనియు ఆచార్యులు వ్యాఖ్యానించిరి. ఆ యర్థమున వీరుడనగా విద్యయందు రమించువాడు. తన కోపమును, తన ఏవగింపును గెలిచి, ఎదుటివాని ప్రాణమును, తన ప్రాణమును సమానముగా శివస్వరూపమని కాచువాడు.

ఇష్టలింగము దేహముపై నున్నంతకాలము ఆ దేహము దేవాలయమే. బసవేశ్వరుడు దేహమునే దేవళముగా దర్శించెను. ఆ దేవళమును కూల్చు హక్కు పగవానికి లేదు, అందు నివసించువానికిని లేదు. ఈ మాటను పిల్లలు నమ్మవలెనన్న, పెద్దలు మొదట వారిని దేవళమును చూచినట్లు చూడవలయును.

చర్చింపదగిన ప్రశ్నలు

1. ఏడు నియమములలో శాసనము శిక్షించునవి ఏవి? శిక్షింపనివి ఏవి? శిక్షింపనివానిని బసవేశ్వరుడు ఏల చేర్చెను?

2. ఒక వారము దినములు ఇంటిలో పలికిన పోలికల మాటలను వ్రాసియుంచుడు. వానిలో ఏవి మానదగినవి?

3. లక్కమ్మ కథను నేటి విద్యార్థి జీవితమునకు అన్వయించి ఒక చిన్న నాటికగా ఆడుడు.

4. మిత్రుడొకడు తాను అందరికి భారమైతిననుచున్నాడు. మొదట ఏమి అడుగవలయును? ఎవరికి తెలుపవలయును? ఏ సంఖ్యకు ఫోను చేయవలయును?

5. తప్పు చేసి తిరిగివచ్చిన యువకునకు మీ యూరిలో ఏ కాయకము చూపగలరు?